గ్రామాభివృద్ధి కమిటీ వేసిన జరిమానా కట్టాల్సిందేనా?

అక్కర్లేదు, ఎవరికైనా జరిమానా వేసే అధికారం గ్రామాభివృద్ధి కమిటీకి చట్టప్రకారం లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్లలో వీడీసీలని పిలిచే ఈ కమిటీలు ఊరి పెద్దలు తమకు తాము పెట్టుకున్నవి. గ్రామ పంచాయతీ అయితే 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కింద ఎన్నికతో ఏర్పడుతుంది.

గట్టు తగాదాలో ఒక రైతుకు 50,000 రూపాయల జరిమానా వేశారనుకుందాం. కట్టనంటే డప్పు చాటింపు: ఆ ఇంటికి కిరాణా సామాను ఇవ్వొద్దు, కూలికి పోవద్దు, మాట్లాడినవాళ్లకూ జరిమానా. ఇలా బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. వెలేసింది ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని, వెలేసినవాళ్లు ఇతర కులాలవాళ్లు అయితే అట్రాసిటీ కేసు కూడా అవుతుంది.

చాలామంది పొరబడేది రిజిస్ట్రేషన్ దగ్గర. ‘మాది రిజిస్టర్డ్ కమిటీ’ అనగానే సగం ఊరు తలొంచుతుంది. సొసైటీగా రిజిస్టరైతే ఆస్తి ఉంచుకోవచ్చు, కోర్టులో దావా వేయొచ్చు. తీర్పులు చెప్పే హక్కు మాత్రం రాదు. భయపెట్టి సంతకం పెట్టించుకున్న ఒప్పుకోలు కాగితాన్నీ కోర్టులో రద్దు చేయించుకోవచ్చు.