జింక్ బ్యాక్టీరియా టాక్సిన్‌ను ఆపుతుందా? కాలేజీ ల్యాబులో చేసి చూసిన అనుభవం

మీ చెల్లెలి ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు "బ్యాక్టీరియా టాక్సిన్ నుంచి కణాలను జింక్ కాపాడుతుందా" అనే అంశం ఇచ్చారని, మామూలు కాలేజీ ల్యాబులో అది అయ్యే పనేనా అని అడిగారు. అయ్యే పనే. హన్మకొండలో చదివేటప్పుడు నేనూ ఇదే చేశాను. మొదటి నెలంతా తప్పుగా చేశాను.

కల్చర్ చేసిన మనిషి కణాలూ, ఖరీదైన శుద్ధ టాక్సినూ ఏవీ అక్కర్లేదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఆల్ఫా టాక్సిన్ అనే విషం చాలు. దాని అణువులు ఏడేసి కలిసి కణం పొరలో రంధ్రం చేస్తాయి. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, నీళ్లు లోపలికి పోతాయి, ఎర్రకణం పగిలి హిమోగ్లోబిన్ బయటపడుతుంది. ట్యూబులో నీరు ఎర్రగా మారిందంటే కణం పగిలినట్టే. రంగు గాఢతను కొలిచే కలరీమీటర్లో 540 నానోమీటర్ల దగ్గర చూస్తే ఎంత పగిలిందో అంకె వస్తుంది. ఈ కారడాన్ని జింక్, కాల్షియం, మెగ్నీషియం అడ్డుకుంటాయనీ, వాటిలో జింక్‌దే పైచేయి అనీ 1986లోనే పాస్టర్నాక్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించింది. కాబట్టి అంశం గాలిలోంచి ఊడిపడింది కాదు.

గొర్రె రక్తం కోసం ఆదివారం పొద్దుగాలే మటన్ దుకాణానికి పోయాను. "నల్ల కూరకా బిడ్డా?" అన్నాడాయన. కూరకైతే గడ్డకట్టాలి, నాకు గడ్డకట్టకూడదు. అందుకే సోడియం సిట్రేట్ పోసిన సీసా నేనే పట్టుకుని, రక్తం పడుతుండగానే తిప్పుతూ నిలబడ్డాను. ఈడీటీఏ (గడ్డకట్టకుండా వాడే మరో రసాయనం) ట్యూబుల్లో పట్టొద్దు, అది జింక్‌ను పట్టేసుకుంటుంది. తెచ్చాక సెలైన్‌తో మూడుసార్లు కడగాలి.

మొదటి తప్పు బఫర్ దగ్గర, అంటే ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం దగ్గర జరిగింది. ఎర్రకణాల పని అనగానే అందరం ఫాస్ఫేట్ బఫర్ తీస్తాం, నేనూ తీశాను. జింక్ వేసినా వేయకపోయినా కణాలు ఒకేలా పగిలాయి. "జింక్ పనిచేయదు" అని రికార్డులో రాసేశాను కూడా. మా గైడ్ సార్ ట్యూబును కిటికీ వెలుతురుకు పట్టి, అడుగున ఈ తెల్లటిదేమిటని అడిగారు. అది జింక్ ఫాస్ఫేట్. నేను వేసిన జింక్‌లో చాలామటుకు అడుగున కూర్చుంది, కణాల దాకా చేరనేలేదు. తర్వాత ఫాస్ఫేట్ లేని ట్రిస్ అనే బఫర్ కలిపిన సెలైన్‌కు మారాను.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మనకు నచ్చే ఫలితం ఇస్తుంది. ఈసారి జింక్ మోతాదు పెంచాను. సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి కణాలను అడుక్కి దించి చూస్తే పైనీరు తేటగా ఉంది. సంబరపడిపోయాను, ఇంటికి ఫోన్ కూడా చేశాను. మోతాదు ఎక్కువైతే జింక్ హిమోగ్లోబిన్‌ను కూడా గడ్డలా దించేస్తుందని అప్పటికి నాకు తెలియదు. కణాలు పగిలాయి, ఎరుపు అడుక్కి పోయింది, కాపాడినట్టు కనబడింది, అంతే. దీన్ని పట్టుకోవడానికి ఒక్క ట్యూబు చాలు: డిస్టిల్డ్ వాటర్‌తో కణాలను ముందే పూర్తిగా పగలగొట్టి, తర్వాత జింక్ వేసి తిప్పండి. ఎరుపు తగ్గిందంటే ఆ మోతాదు మీకు పనికిరాదు. టాక్సిన్ లేకుండా జింక్ ఒక్కటే వేసిన ట్యూబు కూడా ప్రతిసారీ పెట్టాలి, కణాలు వాటంతట అవే ముద్దకట్టాయేమో తెలుస్తుంది. మోతాదు తగ్గించి, ఇవన్నీ సరిచూసుకున్నాక కణాలు పగలడం సగానికి పైగా తగ్గింది. పూర్తిగా ఆగలేదు.

ఇంకొకటి. ట్యూబులను రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చదువుదామనుకోవద్దు. అదే బ్యాక్టీరియా బీటా టాక్సిన్ కూడా వదులుతుంది, గొర్రె కణాలంటే దానికి మహా ఇష్టం. వెచ్చగా ఉన్నంతసేపూ ఊరుకుని చల్లారగానే పగలగొడుతుంది. అప్పుడు మీరు కొలిచింది ఆల్ఫాదో బీటాదో తేలదు.

పెద్దపెద్ద ల్యాబుల్లోనూ ఇలాంటి తగాదాలున్నాయి. 2012లో సైన్స్ పత్రికలో, మాంగనీస్ అనే మరో లోహం ఇస్తే షిగా టాక్సిన్ (కొన్ని విరేచనాల బ్యాక్టీరియా వదిలే విషం) నుంచి ఎలుకలు బతికాయని వచ్చింది. టాక్సిన్‌ను కణం లోపలికి మోసే జీపీపీ130 అనే ప్రోటీన్‌ను మాంగనీస్ తగ్గిస్తుందని వివరణ. 2013లో మరో ల్యాబు చేసి చూస్తే కాపాడలేదు, మాంగనీసే కణాలకు హాని చేసింది. పైగా మనుషుల్లో కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీసే షిగా టాక్సిన్ 2కు ఆ ప్రోటీన్‌తో పనే లేదు.

ఇదంతా చూసి ఇంట్లో ఎవరికీ జింక్ మాత్రలు మొదలుపెట్టకండి. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ వేరే సంగతి, దాని లెక్క వేరే పరీక్షల మీద నిలబడింది.

ప్రాజెక్టు శీర్షికలో మాత్రం "కాపాడుతుంది" అన్న మాట తీసేయమనండి. "గొర్రె ఎర్రకణాలు పగలడంపై జింక్ ప్రభావం" అంటే సరిపోతుంది. మా వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట పట్టుకున్నది ఆ మాటనే. "ఎవరిని కాపాడిందమ్మా, గొర్రెనా?" అన్నారు.