ఆకు దగ్గర మొదలుపెట్టు: పెరటి సీతాకోకల గురించి రాస్తున్న వారికి ఒక లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం తడబడకుండా నడుస్తోంది, చదువుతుంటే హాయిగా ఉంది. అయితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నీ సీతాకోకచిలుక పువ్వు మీదే వాలింది, రెండో పేజీలో ఒక్కచోట తప్ప ఆకు మీద వాలలేదు. వ్యాసంలో ఉన్న లోటంతా అక్కడే ఉంది.

పువ్వు దగ్గరికి అది తేనె తాగడానికి వస్తుంది, తాగాక ఎగిరిపోతుంది. గుడ్లు పెట్టేది మాత్రం ఆకు మీద. ఏ జాతి నీ పెరట్లో కాపురం ఉంటుందో, ఏ నెలలో కనిపించి ఏ నెలలో మాయమవుతుందో తేల్చేది ఆ ఆకే. పువ్వు మీద వాలినదాన్ని ఎవరు వర్ణించినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆకు దగ్గర కూర్చున్నవాళ్లు రాసింది వేరేగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ జరిగేది నాలుగు వారాల కథ.

గుడ్డు పెట్టడానికి వచ్చిన ఆడదాన్ని ముందు గుర్తుపట్టాలి. అది తిన్నగా ఎగరదు. మొక్క చుట్టూ కిందుగా తచ్చాడుతూ, ఒక్కో ఆకు మీద క్షణంసేపు వాలి లేస్తుంది. ఆ క్షణంలోనే ముందు కాళ్లతో ఆకును టకటకా తడుతుంది. సీతాకోకకు రుచి తెలిసేది కాళ్లతో కూడా. పనికిరాని ఆకైతే వదిలేస్తుంది. సరైన ఆకైతే పొట్ట కొసను వంచి ఒక గుడ్డు అంటించి వెళ్లిపోతుంది. అది వెళ్లగానే నువ్వు వెళ్లి, వాలిన ఆకును రెండు వైపులా చూడు. గుడ్డు దొరికితే ఆ కొమ్మకు దారం ముక్క కట్టు. దారం కట్టకపోతే మర్నాటికి ఆ ఆకు ఏదో నీకు గుర్తుండదు.

మొదలుపెట్టడానికి నిమ్మ మొక్కకు మించింది లేదు. లేత చిగుళ్ల మీద, 1 మిల్లీమీటరు వెడల్పున, గుండ్రంగా, లేత పసుపు రంగులో ఉంటుంది నిమ్మ సీతాకోక గుడ్డు. వెచ్చటి రోజుల్లో 3, 4 రోజులకు పగులుతుంది. బయటికొచ్చిన పురుగు మొదట తినేది తన గుడ్డు పెంకునే. ఆ తర్వాత నాలుగు సార్లు కుబుసం విడుస్తుంది, అంటే పురుగుగా దానికి ఐదు దశలు. మొదటి నాలుగు దశల్లో ముదురు గోధుమ రంగు మీద తెల్ల మచ్చలతో, అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. దాక్కోకుండా ఆకు మధ్యలోనే కూర్చుంటుంది, పిట్టలు పట్టించుకోవు. ఐదో దశకు వచ్చేసరికి రెట్ట వేషం పనిచేయనంత పెద్దదవుతుంది, అప్పుడు ఆకుపచ్చగా మారిపోతుంది. దాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు చీలికల కొమ్ము ఒకటి బయటికి పొడుచుకొస్తుంది, ఘాటైన వాసన కొడుతుంది. చీమల్నీ సాలీళ్లనీ తరమడానికి దాని దగ్గరున్న ఆయుధం అది. ఒక్కసారి చూసి వదిలెయ్యి. మాటిమాటికీ పొడిస్తే పురుగు నీరసిస్తుంది.

జీవితం మొత్తం మీద తినే ఆకులో చాలా భాగం ఈ చివరి దశలోనే తింటుంది. చిన్న కుండీ మొక్క మీద డజను గుడ్లు కనబడితే సంబరపడకు. పురుగులు సగం పెరిగేసరికి మొక్క బోడిదవుతుంది. కనీసం రెండు మూడు మొక్కలు దగ్గర దగ్గరగా ఉండాలి, లేదా నిలదొక్కుకున్న పెద్ద చెట్టు ఒకటి ఉండాలి.

రెండు వారాలు అటూ ఇటూగా తిన్నాక పురుగు ఒక్కసారిగా తిండి మానేస్తుంది, నీళ్లలాంటి విరేచనం అవుతుంది, మొక్క దిగి ఎటో వెళ్లిపోతుంది. కొత్తగా రాసేవాళ్లు 'పిట్ట ఎత్తుకుపోయింది' అని ముగించేది సరిగ్గా ఇక్కడే. నిజంగా పిట్ట ఎత్తుకుపోవడమూ తక్కువేమీ కాదు, అయినా ముందు వెతకాలి. మొక్క చుట్టూ రెండు మూడు గజాల దాకా కుండీ అంచుల కింద, గోడ మూలల్లో, ఎండు పుల్లల మీద చూడు. తోక వైపు పట్టు మెత్త మీద ఆనించి, నడుముకు ఒక పట్టు దారం చుట్టుకుని, తల పైకి పెట్టి ఉంటుంది. మరో రోజుకు పై తోలు వదిలి ప్యూపా అవుతుంది, అంటే తిండి లేకుండా లోపల సీతాకోకగా మారే దశ. పచ్చటి కొమ్మ మీదైతే ప్యూపా పచ్చగా, గరుకు కట్టె మీదైతే గోధుమ రంగులో ఉండటం మామూలు. దీన్ని పట్టుగూడు అని రాయకు. పట్టుగూడు అల్లుకునేవి చిమ్మటలు. ఇక్కడ పైన కనిపించేది ప్యూపా ఒంటి తోలే.

వెచ్చటి కాలంలో 8 నుంచి 12 రోజులకు, సాధారణంగా పొద్దున్న పూట, సీతాకోక బయటికొస్తుంది. ముందురోజు ప్యూపా నల్లబడి రెక్కల రంగు లోపలి నుంచి కనిపిస్తుంది. బయటికొచ్చిన ఘడియలో మూడు పనులు చూడొచ్చు. నలిగిన రెక్కల్లోకి ఒంట్లోని ద్రవాన్ని ఎక్కించి పావుగంటలో వాటిని చాపుతుంది. రెండు పాయలుగా ఉన్న తొండాన్ని చుడుతూ విప్పుతూ ఒక్క గొట్టంగా అతికించుకుంటుంది. ప్యూపాలో పోగైన వ్యర్థాన్ని ఎర్రటి లేదా గోధుమ రంగు చుక్కలుగా వదిలేస్తుంది. అది రక్తం కాదు. ఈ సమయంలో వేలాడటానికి గరుకైన చోటు దొరక్క కింద పడితే రెక్కలు మడతపడే ఎండిపోతాయి, మళ్లీ చక్కబడవు. నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో పెంచేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే నష్టం ఇదే. మూత బిగించిన డబ్బాలో మరో చిక్కు: ఆకుల చెమ్మకు రెట్టలు బూజు పట్టి పురుగులు జబ్బుపడతాయి. వీలైతే మొక్క మీదే వదిలి చూడు. తప్పదనుకుంటే వల గుడ్డ కట్టిన పెట్టె వాడి, రోజూ శుభ్రం చేసి ఆకు మార్చు.

ఇంకో మాట. నిమ్మ మీద పెరిగినదల్లా నిమ్మ సీతాకోక కాదు. కామన్ మార్మన్ అనే నల్లటి జాతి కూడా నిమ్మ మీదా కరివేపాకు మీదా గుడ్లు పెడుతుంది, పిల్ల దశల్లో రెండూ ఒకేలా ఉంటాయి. రెక్కలొచ్చేదాకా ఆగి పేరు పెట్టు. నిమ్మ సీతాకోకైతే నలుపు మీద లేత పసుపు మచ్చలుంటాయి, వెనక రెక్కకు తోక ఉండదు. మార్మన్‌కు తోక ఉంటుంది.

మిగతా మేత మొక్కల గురించీ వాటి ఆకు తిని పెరిగే సీతాకోక జాతుల గురించీ క్లుప్తంగా చెబుతాను. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, రేల మీద ఎమిగ్రెంట్లు, ఆముదం మీద కామన్ క్యాస్టర్, గన్నేరు మీద వెండిలా మెరిసే ప్యూపా కట్టే కామన్ క్రో, ఈశ్వరి తీగ మీద ఎర్ర ఒళ్లున్న కామన్ రోజ్. గడ్డి మొలిచే మూలను చెక్కకుండా వదిలితే అక్కడా కొన్ని జాతులు పెరుగుతాయి. తేనె కోసమైతే గడ్డి చామంతి, నూరువరహాలు, ఒంటి రేకల బంతి చాలు. ముద్దబంతిలో రేకలు కిక్కిరిసి తొండానికి దారి దొరకదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మీద పురుగులు వరసగా చచ్చిపోతుంటే దానికి అక్కడ పురుగుమందు వేసి ఉండొచ్చని అనుమానించు. మొక్క ఒంట్లోకి ఎక్కిన మందు వారాల తరబడి ఆకులో ఉంటుంది. వేపనూనె 'సహజం' కదా అని చల్లినా గొంగళిపురుగు బతకదు.

1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి చేసిన పని నువ్వు తెలుసుకోవాలి. పురుగునూ ప్యూపానూ సీతాకోకనూ విడివిడిగా కాకుండా, అది తినే మొక్క మీదే అన్ని దశలూ కలిపి బొమ్మ వేసేది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజుల్లో ఆమె వాటిని స్వయంగా పెంచి చూసి గీసింది. 1699లో, యాభై దాటాక, అందుకోసమే దక్షిణ అమెరికాలోని సూరినామ్ దాకా ఓడెక్కి వెళ్లింది. నీ వ్యాసానికి కావలసిన అమరిక ఆ బొమ్మల్లో ఉంది: ఒక మొక్క, దాని మీద ఒక ప్రాణి, మొదటి నుంచి చివరి దాకా.

ఇక రుతువుల సంగతి. 'వానలు మొదలయ్యాయి, సీతాకోకలు వచ్చాయి' అని రాశావు. మధ్యలో జరిగింది వదిలేశావు. వాన పడితే ముందు చిగురొస్తుంది. లేత ఆకు దొరికాక గుడ్లు పడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చినవి రెక్కలు విప్పి కనిపించడానికి దాదాపు నెల పడుతుంది. మొదటి వానకూ పెరడు నిండటానికీ మధ్యనున్న ఆ నెల రోజులే నీకు రాయదగ్గ విషయం. వాటి వెంటే శత్రువులూ పెరుగుతాయి. గుడ్డు మొత్తం నల్లబడి ఎన్నాళ్లకూ పగలకపోతే, మిల్లీమీటరు కూడా లేని కందిరీగ జాతి పురుగు అందులో తన గుడ్డు పెట్టిందన్నమాట. ప్యూపాకు సన్నటి బెజ్జాలు కనిపించినా, దాన్నుంచి తెల్లటి దారాలు వేలాడినా, లోపల పెరిగింది వేరే ప్రాణి. వీటిని దుర్మార్గులుగా చిత్రించకు. అవి లేకపోతే నీ నిమ్మ మొక్కకు ఆకు మిగలదు.

రుతువును సీతాకోక ఒంటి మీదే చూడొచ్చు. పీకాక్ పాన్సీ అని నారింజ రంగు జాతి ఒకటుంది, పై రెక్కల మీద పెద్ద పెద్ద కంటి మచ్చలతో. వానాకాలంలో పుట్టినవాటికి రెక్కల అడుగున కూడా కంటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి. పొడి కాలంలో పుట్టినవాటికి అడుగున ఆ మచ్చలు చెరిగిపోయి, రెక్క అంచులు కోణాలు తేలి, మధ్యలో ఈనెలాంటి గీతతో ఎండుటాకులా ఉంటాయి. తల్లి ఒక రకం, పిల్ల ఇంకో రకం కావొచ్చు. పురుగుగా ఉన్న రోజుల్లో తగిలిన వాతావరణాన్ని బట్టి ఆ వేషం నిర్ణయమవుతుంది. పచ్చదనం ఉన్నప్పుడు కంటి మచ్చ పిట్ట చూపును రెక్క అంచుకు మళ్లిస్తుంది, ఒళ్లు దక్కుతుంది. అంతా ఎండిపోయినప్పుడు కదలకుండా ఆకుల్లో కలిసిపోవడమే మేలు. అందుకే రెక్కలు విప్పినప్పుడు మాత్రమే ఫొటో తీస్తే సరిపోదు. మూసే దాకా ఓపికపట్టు.

పోలికల్లో మోసపోకుండా ఉండటానికి ఒక ఉదాహరణ. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకునే ప్లెయిన్ టైగర్‌ను పిట్టలు ముట్టవు. విషం లేని డనైడ్ ఎగ్‌ఫ్లై అనే జాతిలో ఆడది ఆ వేషమే వేసుకుని బతుకుతుంది. రుచికరమైన జాతులు ఇలా చేదు జాతుల్ని అనుకరిస్తాయని 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వివరించాడు. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి పై అంచున ఒక్కటే. అదీ కనిపించకపోతే మొక్కను చూడు: గంగపావిలి మీద గుడ్డు పెడుతుంటే అది ఎగ్‌ఫ్లైయే. నీ రెండో పేజీలో 'జిల్లేడు సీతాకోక పావిలి ఆకు మీద వాలింది' అని ఉంది. పువ్వుల్లోంచి బయటపడి అక్కడైనా ఆకు పేరెత్తావనుకుంటే, ఆ సీతాకోక అక్కడ చేసే పని చెప్పకుండా దాటేశావు. నువ్వు చూసింది బహుశా ఈ ఎగ్‌ఫ్లైనే.

నోటు పుస్తకం జేబులో పట్టేంత ఉంటే చాలు. తేదీ, గంట, ఎండా మబ్బూ, గాలి, మొక్క పేరు, ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి. ఇవన్నీ అక్కడికక్కడే రాయాలి, రాత్రి గుర్తు తెచ్చుకుని కాదు. ఎండ ఎక్కి వాటి ఒళ్లు వెచ్చబడ్డాకే ఎగురుతాయి కాబట్టి పొద్దున్న 8 నుంచి 11 మధ్య ఒక పావుగంట ఎంచుకుని, వారానికోసారి అదే చోట లెక్కపెట్టు. ఒకే సీతాకోక నాలుగుసార్లు చక్కర్లు కొట్టొచ్చు. అందుకని ఒక్కో జాతిలో ఒకేసారి కంటికి కనిపించిన గరిష్ఠ సంఖ్యనే వేసుకో. ఏమీ కనిపించని వారం సున్నా వెయ్యి, ఆ వరసను ఖాళీగా వదలకు. 1976 నుంచి బ్రిటన్‌లో సాగుతున్న సీతాకోకల గణన కూడా ఇలాంటి క్రమశిక్షణ మీదే నిలబడింది: ప్రతి వారం అదే దారి, అదే కొలత. ఏడాది తిరిగేసరికి 'ఈసారి ఆలస్యంగా వచ్చాయి' అనే మాట నువ్వు ధైర్యంగా రాయగలుగుతావు. ఈ ఏడాది అలా రాసే హక్కు నీకింకా లేదు, ఆ వాక్యం తీసెయ్యి.

భాష విషయంలో రెండే సూచనలు. 'రంగురంగుల' అన్న మాట నీ వ్యాసంలో ఎక్కడ ఉన్నా కొట్టేసి ఆ రంగేదో రాయి. 'స్వేచ్ఛగా విహరిస్తోంది' అన్నచోట అది నిజంగా ఏం చేస్తోందో చూడు. మగదైతే ఇంకో మగదాన్ని తరుముతూ ఉండొచ్చు, ఆడదైతే ఆకు వెతుక్కుంటూ ఉండొచ్చు. తడి ఇసుక మీద గుంపుగా కూర్చున్నవి దాహం తీర్చుకోవడం లేదు. వాటిలో ఎక్కువ మగవే, మట్టిలోని ఉప్పు కోసం వచ్చాయి. వెడల్పాటి మూకుట్లో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపి, నీరు నిలవకుండా తడిపి ఎండ తగిలే చోట పెడితే నీ పెరట్లోనూ చూడొచ్చు.

రెండో ప్రతిలో పువ్వుల భాగాన్ని సగానికి కుదించి, నిమ్మ మొక్క దగ్గరే మొదలుపెట్టు. గుడ్డు పడ్డ తేదీ, పగిలిన తేదీ, ప్యూపా కట్టిన తేదీ, ఎగిరిన తేదీ, ఈ నాలుగూ చేతిలో ఉన్నాకే రాయడానికి కూర్చో. పురుగు మధ్యలో చచ్చిపోతే అదీ రాయి, ఎలా చచ్చిందో చూసినంతవరకు. పంపేటప్పుడు పీకాక్ పాన్సీ రెక్కలు మూసుకున్న ఫొటో, పావిలి మీద వాలినదాని వెనక రెక్క కనిపించే ఫొటో జతచెయ్యి. పేర్లు ఇద్దరం కలిసి సరిచూద్దాం.

ఇట్లు,
నీ మేలుకోరే
పెద్దవాడు