డైరీలో నాలుగు పేజీలు, చెల్లెలికి ఒక్క ప్రశ్న లేదు

ప్రశ్న: మేడం, నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. రెండేళ్లుగా రోజూ రాత్రి డైరీ రాస్తున్నాను, ధ్యానం చేస్తున్నాను. నా గురించి నాకు బాగా తెలుసనే నమ్మకం ఉండేది. మొన్న బతుకమ్మకి వచ్చిన మా చెల్లెలు అందరి ముందూ "అన్నా, నీతో మాట్లాడుడంటే అటెండెన్స్ ఇచ్చి క్లాసుల కూసున్నట్టే ఉంటది" అంది. అందరూ నవ్వారు. చిన్నప్పుడే ఇంటి బాధ్యత నా మీద పడటం వల్ల అలా చెప్పే అలవాటు వచ్చిందని ఆ రాత్రే డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. ఇంకా లోతుగా నన్ను నేను తెలుసుకోవాలంటే ఏం చేయాలి? పది రోజుల విపస్సన ధ్యాన శిబిరానికి వెళ్లమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెల్లెలు అన్నది ఒక్క మాట, దానికి మీరు రాసుకున్నది నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీల్లో ఏముందో నాకు తెలీదు గానీ, "నీకు అలా ఎప్పుడు అనిపించిందమ్మా?" అని ఆమెను అడిగినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. అదండీ సంగతి.

మన గురించి మనం చెప్పుకునే కారణాలు వినడానికి ఎంత బాగుంటాయో అంత నమ్మదగినవి కావు. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. అచ్చం ఒకేలా ఉండే నాలుగు జతల నైలాన్ మేజోళ్లు బల్ల మీద వరసగా పెట్టి, వీటిలో ఏది నాణ్యమైనదో చెప్పమని జనాన్ని అడిగారు. కుడి చివర ఉన్న జతకే అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఎందుకంటే నేత బాగుందని, మెత్తగా ఉందని ఏవేవో కారణాలు చెప్పారు. అది పెట్టిన చోటు వల్ల ఎంచుకున్నామని ఒక్కరూ చెప్పలేదు, నేరుగా అడిగినా దాదాపు అందరూ కాదు పొమ్మన్నారు. అబద్ధమాడాలని కాదు, ఆ కారణం నిజంగానే తట్టింది వాళ్లకి. మీ "ఇంటి బాధ్యత" కూడా అలా తట్టిందే అయ్యుండొచ్చు. నిజమే అయినా సరే, అది తెలిసినందువల్ల వచ్చే ఆదివారం ఫోన్‌లో మీరు మాట్లాడే తీరు మారుతుందా?

డైరీ మానక్కర్లేదు, రెండు వారాల పాటు అందులో "ఎందుకంటే" అన్న మాట మాత్రం రాయకండి. ఎవరు ఏమన్నారు, మీరు ఏమన్నారు, మీరు అన్నాక అవతలి మనిషి ఇంకా మాట్లాడారా, "సరే సరే" అని లేచిపోయారా, ఇంతవరకే. మొదట్లో చప్పగా ఉంటుంది, ఎందుకంటే (నేను రాయొచ్చు లెండి) అందులో మీరు హీరో కాదు.

ఇంకోటి. ఇంట్లోవాళ్లతో మాట్లాడిన కాల్ ఒకటి, వాళ్లకి చెప్పే రికార్డు చేసుకుని తర్వాత వినండి. నేను మహా ఓపికగా వింటానని అనుకునేదాన్ని, ఈ శీర్షిక రాసేది నేనే కదా! ఓసారి మా అమ్మతో మాట్లాడిన కాల్ విన్నాను. ఆవిడ మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తిన ప్రతిసారీ "మాత్ర వేసుకున్నావా?" అని అడ్డం పడుతున్నాను. ఆవిడేమో నొప్పి గురించి చెప్పుకోవాలని చూస్తోంది. సిగ్గేసింది.

లోపల మీకున్న బెరుకు, టెన్షన్ మీకే బాగా తెలుస్తాయి. కానీ మీరు మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకి ఎలా ఉంటుందో మీ లోపల ఎంత వెతికినా దొరకదు, అది వాళ్ల దగ్గరే ఉంటుంది. అయితే అడిగే మనిషిని చూసుకుని అడగండి. స్టూడెంట్లని అడగొద్దు, ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నంతకాలం "సూపర్ సార్" అనే అంటారు. అమ్మనీ అడగొద్దు, కాకి పిల్ల కాకికి ముద్దు. చెల్లెల్నే అడగండి, కానీ "నేనెలాంటివాణ్ణి?" అని అడిగితే ఆమె మాత్రం ఏం చెప్తుంది పాపం! "బతుకమ్మకి వచ్చినప్పుడు నేను ఏ మాట అన్నప్పుడు నీకు చిరాకేసింది?" అని అడగండి. ఆమె చెప్తున్నంతసేపూ ఊఁ కొట్టండి. "అది కాదమ్మా, అసలు విషయమేంటంటే..." అని నోటి దాకా వస్తుంది, మింగేయండి.

విపస్సనకి వెళ్లాలని ఉంటే హాయిగా వెళ్లండి, హైదరాబాద్‌లోనే నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే విపస్సన కేంద్రం ఉంది. తొమ్మిది రోజులు మౌనం, పదో రోజు పొద్దున గానీ మాట్లాడనివ్వరు, ఫోనూ పుస్తకాలూ డైరీ ఏవీ ఉండవు. మనసు నెమ్మదిస్తుందేమో గానీ, మీ సమస్య బయటపడేది మీరు నోరు తెరిచినప్పుడు కదా. ముందు చెల్లెలికి ఫోన్ చేసి, తర్వాత వెళ్లండి.

ఆ నాలుగు పేజీలు మాత్రం ఆమెకి ఫొటో తీసి పంపకండి.