అల్లుడికి, కాళ్ళ గురించి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ, అదే మా అప్ప, ఫోన్ చేసింది. నువ్వు గోల్ఫ్ ఆటగాడివి అయిపోతావట, ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీటీఐ వాళ్ళ ఎంపిక పోటీకి, అదే క్వాలిఫయింగ్ స్కూల్‌కి, వెళ్తావట, ఫీజుకి అప్పు కోసం తిరుగుతున్నావట. ఒకటే ఏడుపు. ఏదో ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ విశాఖలో పరాయివాళ్ళ బ్యాగులు మోసినవాడివి, ఇప్పుడు నీ బ్యాగు నువ్వే భుజాన వేసుకుంటానంటే నాకు గర్వంగా ఉండదా? తెల్లారేదాకా కొబ్బరి మట్టల చప్పుడు వింటూ అదే ఆలోచించాను. భయం కూడా వేసింది. అందుకే పొద్దున్నే కాగితం తీశాను.

క్లబ్బు పట్టుకునే గ్రిప్ గురించి నీకు చెప్పక్కర్లేదు. భుజాలంత ఎడంగా నిలబడు, దూరం కొట్టే పెద్ద క్లబ్బు డ్రైవర్‌కి ఇంకాస్త ఎడం. బరువు మునివేళ్ళ మీదా వద్దు, మడమల మీదా వద్దు, పాదం మధ్యలో ఉంచు. ఇవన్నీ నీకు వచ్చినవే.

నా దిగులంతా నీ కుడి పాదం గురించి. సంక్రాంతికి వచ్చినప్పుడు, తిత్లీ తుఫానుకి చెట్లు పడిపోయిన ఖాళీలో నువ్వు ఐరన్ క్లబ్బు ఊపుతుంటే అరుగు మీద కూర్చుని చూశాను. చేతులు బాగున్నాయి. కానీ క్లబ్బు వెనక్కి వెళ్ళేకొద్దీ ఒళ్ళంతా కుడిపక్కకి ఒరిగిపోతోంది. పాదం బయటి అంచు మీద నిలబడుతున్నావు, బొటనవేలు గాల్లో ఉంటోంది. గుండె గుభేలుమంది. అప్పుడే చెప్పాల్సింది. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను, తప్పు నాదే.

ఆ పాదం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నాదీ అలాగే ఉండేది.

నేను కలకత్తా వెళ్ళింది జూట్ మిల్లు పనికి. మిల్లు మూతపడ్డాక ఒక గోల్ఫ్ కోర్సులో బ్యాగులు మోయడానికి కుదిరాను. సోమవారం మెంబర్లు వచ్చేవాళ్ళు కాదు, ఆ రోజు మేం ఆడుకునేవాళ్ళం. 1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచాడు. మనలాగే బ్యాగులు మోసిన మనిషి! ఆ వార్త విన్నాక మాలో ప్రతివాడూ నేనే తర్వాతి అలీ షేర్‌ని అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

మరుసటి ఏడాది వానాకాలంలో మాకు ఒక పోటీ పెట్టారు. ఒక మెంబరు తన పాత బూట్లు నాకిచ్చాడు. అప్పట్లో బూట్ల కింద ఇనప స్పైకులు ఉండేవి, నేలలో మేకుల్లా దిగిపోయేవి. బూట్లు ఒక సైజు పెద్దవి. ముందుభాగంలో పేపరు ఉండలు కుక్కి తొడుక్కున్నాను. పదమూడు హోల్స్ బాగానే ఆడాను. పద్నాలుగో దాంట్లో చెరువు దాటించాలి. పక్కకి కొట్టి చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఉంది. నాకు ఆ దారి నచ్చలేదు. చూసేవాళ్ళు పదిమంది ఉన్నారు కదా, బలమంతా చూపిద్దామనుకున్నాను.

డ్రైవర్ వెనక్కి తీశాను. బలం కావాలంటే బాగా వెనక్కి ఒరగాలని నా అప్పటి తెలివి. బరువు కుడి పాదం బయటి అంచు దాకా వెళ్ళిపోయింది. అక్కడి నుంచి తిరిగి రావడానికి టైము లేదు. అందుకని ఒళ్ళు మొత్తాన్ని ఒక్కసారి ఎడమ కాలి మీదకి విసిరేశాను. ఎడమ పాదం నేరుగా బాలు వైపు పెట్టి ఉంది, స్పైకులు తడి నేలలో దిగి ఉన్నాయి. నడుము తిరిగింది, భుజాలు తిరిగాయి, పాదం మాత్రం తిరగలేదు. మధ్యలో ఉన్న మోకాలు ఏం చేస్తుంది? లోపల టక్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. బాలు ఎటు వెళ్ళిందో చూడలేదు, నీళ్ళలో పడిందని తర్వాత ఎవరో చెప్పారు.

అక్కడితో ఆగితే ఆరు వారాల్లో నడిచేవాడినేమో. ఆగలేదు. రెండో రౌండు మర్నాడే ఉంది. వాపుకి గుడ్డ కట్టి, మందుల షాపులో నొప్పి మాత్రలు కొని, రాత్రి రెండు, పొద్దున రెండు మింగి ఆడాను. నొప్పి తెలియలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు మాత్రలు మింగుతూనే బ్యాగులు మోశాను. మోకాలు పూర్తిగా పోయింది. మెట్లు దిగేటప్పుడు నేను గోడ పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా, దాని కథ ఇదీ.

ఒరే, ఈ మాట మాత్రం రెండుసార్లు చదువు. నొప్పి మాత్ర మింగి ఆడకు. డాక్టరు రాయకుండా ఒక్కటి కూడా వేసుకోకు. ఆ మాత్రలు కిడ్నీలకు చేటు. నువ్వు ఉద్దానం పిల్లాడివి. మన వీధిలోనే ఎంతమంది పలాసకి డయాలసిస్‌కి వెళ్తున్నారో నీకు వేరే చెప్పాలా? ఎండలో పద్దెనిమిది హోల్స్ నడుస్తావు, ప్రతి హోల్ దగ్గరా నీళ్ళు తాగు. దాహం వేసేదాకా ఆగకు. కాలు నొప్పి చేస్తే పోటీ వదిలేసి ఇంటికి రా. ఎవరైనా ఏమైనా అంటే నాతో మాట్లాడమను.

సరే, కోప్పడ్డాను, ఇంక పని చెప్తాను విను. ఈసారి ఊరొచ్చినప్పుడు బారువ తీరానికి వెళ్ళు. అల వెనక్కి పోయాక గట్టిగా, తడిగా ఉండే ఇసక మీద చెప్పుల్లేకుండా నిలబడు. బాలు వద్దు. క్లబ్బు నెమ్మదిగా పైకి తీసుకెళ్ళి అక్కడే ఆపి, పక్కకి తప్పుకుని నీ కుడి పాదం అచ్చు చూసుకో. లోపలి అంచు, బొటనవేలి మొదలు లోతుగా దిగి ఉండాలి. బయటి అంచు దగ్గర ఇసక నలిగి ఒరిగిపోయి ఉందంటే నా జబ్బే నీకూ ఉన్నట్టు. చెరిపి మళ్ళీ చెయ్యి. తర్వాత పూర్తి స్వింగ్ చేసి చూసుకో. ఎడమ మడమ బాగా దిగాలి. కుడి పాదం దగ్గర చివరికి మునివేళ్ళ గుంటే లోతుగా కనబడాలి. వీడియో చూపించనిది ఇసక చూపిస్తుంది.

ఎడమ పాదం నాలాగా నేరుగా పెట్టకు. బాలు వైపు గడియారంలో పన్నెండు అనుకుంటే, వేళ్ళు పదకొండు వైపు తిప్పి పెట్టు. నడుము తిరగడానికి దారి దొరుకుతుంది, మోకాలి మీద మెలి తగ్గుతుంది.

బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేవకూడదని నీకెవరో చెప్పారన్నావు. అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్‌కి లేచేది. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీలు, మేజర్లు, పద్దెనిమిది గెలిచాడు. ఒళ్ళు బాగా వంగేవాళ్ళకి లేపక్కర్లేదు, నీ నడుము తిరగనంటే కొంచెం లేవనీ. కానీ కిందికి వచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆ మడమ నేల తాకాలి. చేతులు దాని తర్వాతే. మీ తాత పారతో ఎరువు ఎడమపక్క పాదులోకి విసిరేటప్పుడు చూశావు కదా? ముందు ఎడమ కాలు ఊనేవాడు, ఆ తర్వాతే పార కదిలేది. ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చీకటి పడేదాకా విసిరినా నడుం పట్టేసిందని ఒక్కరోజు కూడా అనలేదు. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ ముందు ఆ కాలే కనబడుతుంది నాకు.

రోజూ మొదటి ఇరవై బాలులూ పాదాలు రెండూ దగ్గర పెట్టి, ఎనిమిదో ఐరన్‌తో సగం ఊపుతో కొట్టు. ఒరిగితే పడిపోతావు, అదే నీకు గురువు.

దూరం కోసం ఆశపడకు. కలకత్తాలో కోర్సు గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్ కొడుకు చౌరాసియా పెద్ద దూరం కొట్టేవాడు కాదు. 2016లో, 2017లో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. చెరువు ఎదురైతే చుట్టూ తిరిగి వెళ్ళు నాన్నా. ఒక దెబ్బ ఎక్కువైతే అయింది.

అప్పు మాత్రం చెయ్యకు. జీడిపిక్కల డబ్బు కొంత పక్కన పెట్టాను, ఫీజు నేను కడతాను. అప్పతో నేను మాట్లాడతాను, నువ్వేం టెన్షన్ పడకు. ఇంకొక పని చెయ్యి. రోజంతా నడిచాక సాయంత్రానికి పాదం కొంచెం పెరుగుతుంది. ఆ టైములో తెల్లకాగితం మీద నిలబడి, రెండు పాదాల చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీసి పంపు. బూట్లు నేనే కొంటాను, నీ కాలికి సరిపోయేవి.

ఇట్లు,
మీ మావయ్య