ధర్మాబాద్ వైపు బోర్లు ఎండిపోతున్నాయి, మూడోది ఏడు వందల ఫీట్లు వేయాలా?

మీరు అడిగింది ఇది: మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర ఐదెకరాలు, రెండు బోర్లూ ఫిబ్రవరికే ఆగిపోతున్నాయి, ఏడు వందల ఫీట్లు పోతే నీళ్లు గ్యారంటీ అని బోరు బండివాళ్లు అంటున్నారు, లేదంటే గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ నుంచి పైపులైను తెచ్చుకోవచ్చా అని. తాతల నాటి బాయి ఒకటి చెత్తతో నిండిపోయి ఉందని చివర్లో ఒక్క మాట రాసి వదిలేశారు. మాది మీ పక్కనే, బిలోలి తాలూకా. నన్నడిగితే మూడో బోరు వద్దు, ఆ పైసలు ముందు ఆ బాయి మీద పెట్టండి.

నాందేడ్ జిల్లాలో పడమర అంతా నల్లరాయి, అంటే బసాల్టు. మన బిలోలి, దేగ్లూర్ దిక్కు వచ్చేసరికి గ్రానైటు, అటు నిజామాబాద్ కింద ఉన్న రాయే. ఈ రాయిలో నీళ్లు నిలిచేది పైన మెత్తబడ్డ మొరం పొరలో, దాని కింది సందుల్లో. లోతుకు పోయేకొద్దీ ఆ సందులు తక్కువవుతాయి, బిగుసుకుపోతాయి. ఆరు వందల ఫీట్ల దగ్గర ఏదో సందు తగిలి నీళ్లు ఎగజిమ్మినా అవి ఏండ్ల తరబడి చేరినవి. మనం తోడినంత జోరుగా వాన మళ్లీ అక్కడికి దిగదు. మా పక్క చెలకలో సరిగ్గా ఇదే అయింది. బోరు పడ్డ రోజు కొబ్బరికాయలు కొట్టి ఊరంతా స్వీటు పంచారు. ఆ నీళ్లను నమ్ముకుని అరటి పెట్టారు. రెండో ఎండకాలానికి మోటరు గాలి కక్కడం మొదలుపెట్టింది, తోట నిలబడే ఎండింది, అప్పు మాత్రం మిగిలింది. ఆ ఇంటి ఆడవాళ్లు ఎండిన గెలలు పశువులకు వేస్తుంటే చూడలేకపోయాను.

ఇంకో రెండు సంగతులు. గ్రానైటులో లోతు నీళ్లకు ఫ్లోరైడ్ భయం ఉంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పనికిరావు, పిల్లల పళ్ల మీద పసుపు చారలు వస్తాయి. కాబట్టి ఏ బోరు నీళ్లయినా ఇంట్లో తాగుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. రెండోది, మహారాష్ట్ర 2009 భూగర్భజల చట్టం 60 మీటర్లు, అంటే దాదాపు రెండు వందల ఫీట్లు దాటినదాన్ని లోతు బోరు కింద లెక్కగట్టి సేద్యానికి కట్టడి పెట్టింది. ఊరి తాగునీటి బాయికి 500 మీటర్ల లోపలైతే వేరే అనుమతి కావాలి. బండివాళ్లు ఇవేవీ చెప్పరు.

బాబ్లీ మీద ఆశ పెట్టుకోకండి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉండాలి. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువనున్న శ్రీరాంసాగర్‌కు వదలాలి. బాబ్లీ పట్టేదే 2.74 టీఎంసీ. గోదావరి నిండుగా పారే నాలుగు నెలలు అక్కడ నీళ్లు ఆపడానికి లేదు, వానలు తగ్గాక వచ్చిన ధారే నిలుస్తుంది. నేను ఆ తీర్పును తప్పుపట్టను. మా మేనత్త వాళ్లది అటు బాల్కొండ, వాళ్ల పొలాలు బతికేదీ ఆ నీళ్లతోనే. లిఫ్టు పెట్టాలంటే జలవనరుల శాఖ అనుమతి, పదిమంది రైతుల కూడిక, పైపులైను పోయే పొలాలవాళ్ల ఒప్పుదల కావాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఇక బాయి సంగతి. మా బాపు కాలంలో బోర్లు వచ్చాక మా బాయి కూడా మూలకు పడింది. పూడిక తీయించడం ఎండకాలంలోనే పెట్టుకోవాలి, అప్పుడే అడుగు కనిపిస్తుంది. క్రేను పెట్టి తీస్తుంటే మొదట ప్లాస్టిక్, పత్తికట్టె, తర్వాత కుళ్లు వాసన కొట్టే నల్ల బురద వచ్చాయి. బురద దాటి పాత రాయి అంచు తేలాక పనివాళ్లలో పెద్దాయన అందర్నీ ఆపి గోడ చూపించాడు. మొరం అయిపోయి గట్టి రాయి మొదలయ్యే చోట చుట్టూ బెత్తెడు పట్టీలా తడి. తూర్పు మూలన గడ్డపారతో రాయి సందు గెలికితే వేలు లావున ఊట పట్టింది. ఆయన దోసిలి పట్టి తాగి చూసి, తీపి నీళ్లే అన్నాడు. ఆ ఊటతో ఐదెకరాల చెరకు పారదు, అది ముందే తెలుసుకోండి. పొద్దున ఒక పూట మోటరు నడుస్తుంది, రాత్రికి మళ్లీ ఊరుతుంది. మాకు దాంతో డ్రిప్పు మీద శనగ, కూరగాయలు, పశువుల నీళ్లు వెళ్తున్నాయి.

బాయిలోకి వాన దింపితేనే ఆ ఊట నిలుస్తుంది. ఎగువన ఒర్రె ఉంటే అడ్డంగా రాళ్ల కట్ట వేయండి. ఎండిన బోర్లనూ వదలొద్దు. వాటి చుట్టూ పది ఫీట్ల గుంత తవ్వి, గుంతలో ఉండే కేసింగుకు సన్న బెజ్జాలు వేసి నైలాన్ జాలి బిగుతుగా చుట్టి, కింద పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక నింపాలి. దీనికి ముందు ఒండ్రు దిగడానికి ఇంకో చిన్న గుంత తప్పనిసరి. అది లేకుండా బురద నీళ్లు నేరుగా వదిలితే సందులు మూసుకుపోయి బోరు పూర్తిగా చచ్చిపోతుంది. పశువుల కొట్టం నీళ్లు, మందు కొట్టిన మడి నీళ్లు అటు రానివ్వకండి.

షేత్‌తళేకు, అంటే పొలంలో తవ్వే నీటి కుంటకు, సబ్సిడీ దొరుకుతుంది, వాననీళ్లు పట్టడానికైతే తీసుకోండి. బోరు నీళ్లు తోడి అందులో నింపుకునేవాళ్లను చూస్తున్నాను, నాకు అది అస్సలు నచ్చదు. భూమిలో చల్లగా ఉన్న నీళ్లను ఎండకు ఆరబెట్టడమే అది.

కొబ్బరికాయ పట్టి నీళ్ల జాడ చెప్పే ఆయనను పిలిచే ముందు నాందేడ్‌లో భూజల సర్వేక్షణ (భూగర్భజల) ఆఫీసుకు సాత్‌బారా, అంటే పొలం రికార్డు కాగితం, పట్టుకుని వెళ్లండి. మీ బాయి ఆ సాత్‌బారాలో ఎక్కిందో లేదో కూడా తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర చూసుకోండి, సబ్సిడీలకు అది అడుగుతారు. బాయి లోతు ఎంత, దసరాకు నీళ్లు ఎక్కడ ఉంటాయి, ఒర్రె ఏ దిక్కున ఉందో ఇక్కడ రాయండి. పూడిక తీసే మేస్త్రీలు మా దగ్గర ఉన్నారు, మాట్లాడి పెడతాను.