ఇంట్లోనే పిల్లల చేత శరీర ప్రయోగాలు చేయించే తల్లికి

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలిద్దరి చేతా మానవ శరీరం గురించి చిన్న ప్రయోగాలు చేయించాలని ఉందని రాశావు. ఏళ్ల తరబడి సైన్సు పాఠాలు చెప్పినవాడిగా నేను పట్టుబట్టేది ఒక్కటే: ప్రతి ప్రయోగానికీ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో వాళ్ల చేత నోటుబుక్కులో రాయించు, జవాబు మాత్రం ముందుగా చెప్పవద్దు.

నాడితో మొదలుపెట్టు. మణికట్టు మీద బొటనవేలి వైపున చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయమను. బొటనవేలితో చూస్తే దానిలోని నాడే తగిలి లెక్క తప్పుతుంది. తర్వాత అపార్టుమెంటు మెట్లు రెండంతస్తులు ఎక్కి దిగి వచ్చి, నిమిషానికొకసారి లెక్కిస్తూ, నాడి మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. హైదరాబాదు ఎండలకు ఇది ఉదయం పూటే చేయించు. చిన్నవాడికి ఆయాసం ఉంది కనుక వాడి విషయంలో డాక్టరును అడగకుండా చేయించవద్దు. ఈ వయసు పిల్లలకు విశ్రాంతిలో నాడి నిమిషానికి సుమారు 70 నుంచి 110 దాకా ఉండవచ్చు కాబట్టి, చిన్నవాడి అంకె అక్క అంకెకన్నా ఎక్కువగా వస్తే కంగారుపడనక్కరలేదు. ఆపైన ఫ్యాను ఆపి, మందపాటి కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒకరి గుండె చప్పుడు మరొకరిని విననివ్వు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఇలాగే కాగితాలు చుట్టి రోగి గుండెను విన్నాడు. స్టెతస్కోపుకు అదే నాంది.

రెండోది గంజి ప్రయోగం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గోరువెచ్చని పలుచటి గంజిని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో ఉమ్మి, రెండోదానిలో అంతే నీరు కలిపించు. పావుగంట తర్వాత మందుల దుకాణంలో దొరికే అయోడిన్ ద్రావణం ఒక్కో చుక్క నువ్వే వెయ్యి. నీరు కలిపిన గంజి ముదురు నీలంగా మారుతుంది. ఉమ్మి కలిపినదానిలో ఆ రంగు బాగా తగ్గడమో, అసలు రాకపోవడమో చూస్తారు, ఎందుకంటే ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టేసింది. గంజి మరీ వేడిగా ఉంటే ఎంజైము చెడిపోయి రెండూ నీలంగానే మిగులుతాయి. అది కూడా చేసి చూపించదగినదే. అయోడిన్ కలిపిన గంజిని ఎవరూ నోట పెట్టకూడదు.

జారవిడిచిన స్కేలును పట్టుకునే ఆట మీకు తెలిసిందే: ఒకరు స్కేలును నిలువుగా, సున్నా గీత రెండోవారి వేళ్ల మధ్య ఉండేలా పట్టుకుని, చెప్పకుండా వదిలితే రెండోవారు పట్టుకోవాలి; 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే స్పందించడానికి సుమారు 0.2 సెకను పట్టిందని అర్థం.

వీలైతే ఒకరోజు బేగంపేటలో, 1897లో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన భవనాన్ని బయటి నుంచైనా చూపించు. నోటుబుక్కులు నిండాక నాకు పంపించు. ఊహ తప్పిందని కొట్టేసిన పేజీలు చించకుండా పంపాలని పిల్లలకు చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి