జీవాస్ స్నిప్ మన ఏటాక్-సీక్ పీక్‌లో పడితే జీన్ దొరికినట్టేనా?

మీరు అడిగింది: ఊబకాయం జీవాస్‌లో పైకొచ్చిన స్నిప్ మీ ఏటాక్-సీక్ పీక్‌లో పడింది, పక్కనున్న జీన్‌ని అదే నడిపిస్తోందని పేపర్లో రాసెయ్యొచ్చా అని. అప్పుడే వద్దు. (జీవాస్ అంటే చాలామంది డీఎన్‌ఏ పోల్చి ఒక లక్షణంతో ముడిపడిన తేడాలు వెతకడం. స్నిప్ అంటే డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ మారే ఒక్క అక్షరం. ఏటాక్-సీక్ పీక్ అంటే కణంలో డీఎన్‌ఏ తెరుచుకుని ఉన్న చోటు.)

ఎఫ్‌టీఓ అనే జీన్ సంగతి చూడండి. 2007లో ఊబకాయపు స్నిప్‌లు ఆ జీన్ మొదటి ఇంట్రాన్‌లో, అంటే జీన్ లోపలే ఉన్నా ప్రోటీన్‌కి కోడ్ కాని ముక్కలో, కనబడేసరికి చాలాకాలం అందరూ ఎఫ్‌టీఓ వెంటే పడ్డారు. ఆ ఇంట్రాన్‌లో ఉన్న ఎన్‌హాన్సర్ (జీన్ పనిని పెంచే డీఎన్‌ఏ ముక్క) సుమారు ఐదు లక్షల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) అవతలున్న ఐఆర్‌ఎక్స్3 అనే జీన్‌ని నడిపిస్తోందని 2014లో తేలింది. పక్కింటి స్విచ్చు మన గోడకి ఉన్నట్టు. ఆ ఇంట్రాన్‌లోని ఆర్‌ఎస్1421085 అనే స్నిప్ దగ్గర టీ బదులు సీ ఉంటే ఏఆర్‌ఐడీ5బీ అనే రిప్రెసర్ (జీన్‌ని అణిచే ప్రోటీన్) సరిగా అతుక్కోదు, ప్రీఅడిపోసైట్లలో (కొవ్వు కణాలుగా మారబోయే కణాల్లో) ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 పెరుగుతాయి అని 2015లో చూపించారు. మొత్తం కొవ్వు కణజాలంలో కొలిస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి మీ ఏటాక్ ఏ కణాల్లో చేశారన్నదే మొదటి ప్రశ్న.

తర్వాతది చిల్లర పనే గానీ ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. స్నిప్‌లు రాసే వీసీఎఫ్ ఫైలు ఒకటి నుంచి లెక్కపెడుతుంది, పీకుల్లాంటి చోట్లు రాసే బెడ్ ఫైలు సున్నా నుంచి. 1000వ బేస్‌లో ఉన్న స్నిప్‌ని బెడ్‌లో 999, 1000 అని రాయాలి. 1000, 1001 అని రాస్తే పక్క బేస్‌ని చూస్తున్నట్టు. పీక్ వందల బేస్‌ల వెడల్పు ఉంటుంది కనుక తప్పు అక్కడ తెలియదు, మోటిఫ్ (ప్రోటీన్ అతుక్కునే చిన్న అక్షరాల వరస) చూసేటప్పుడు బయటపడుతుంది. స్థానాలని హెచ్‌జీ19 నుంచి హెచ్‌జీ38కి (మనిషి రిఫరెన్స్ జీనోమ్ పాత వెర్షన్ నుంచి కొత్తదానికి) మార్చాక ఆ చోట రిఫరెన్స్ అక్షరం సరిపోయిందో లేదో కూడా చూసుకోండి.

అతి తక్కువ పీ విలువ వచ్చిన స్నిప్పే అసలుది కానక్కర్లేదు, ఎల్‌డీలో (స్నిప్‌లు కలిసి వారసత్వంగా రావడం) దాని వెంట పదులకొద్దీ ఉంటాయి. సూసీ అనే ప్రోగ్రాంతో 95 శాతం క్రెడిబుల్ సెట్ (అసలు స్నిప్ 95 శాతం సంభావ్యతతో ఉండే చిన్న గుంపు) తీసి, అందులోవన్నీ పీకుల మీద పెట్టి చూడండి. ఎల్‌డీ మాత్రం జీవాస్ జరిగిన జనాభాదే కావాలి. తెలుగువాళ్ల డేటా అయితే 1000 జీనోమ్స్ అనే ప్రాజెక్టులోని ఐటీయూ, అంటే యూకేలోని తెలుగువాళ్ల గుంపు, గుర్తొస్తుంది. కానీ అందులో ఉన్నది సుమారు వందమందే, ఇలా అసలు స్నిప్‌ని వేరుచేసే ఫైన్ మ్యాపింగ్‌కి చాలరు. జీవాస్ శాంపిళ్ల జీనోటైపులు చేతిలో ఉంటే ఎల్‌డీ వాటి నుంచే తీయండి.

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగ్గది అల్లీల్ అసమతుల్యత, అంటే స్నిప్‌కున్న రెండు రూపాల్లో (అల్లీల్స్) ఒకదానికి ఎక్కువ రీడ్లు (సీక్వెన్సింగ్‌లో చదివిన చిన్న ముక్కలు) రావడం. హెటిరోజైగస్ (రెండు రూపాలూ ఉన్న) మనిషిలో రెండు అల్లీల్సూ ఒకే న్యూక్లియస్‌లో ఉంటాయి. వయసు, బ్యాచ్, తిండి రెండింటికీ ఒకటే. డూప్లికేట్లు (ఒకే ముక్క నకళ్లు) తీసేశాక 40 రీడ్లలో 30 టీ అక్షరంవి, 10 సీ అక్షరంవి అయితే బైనామియల్ పీ విలువ సుమారు 0.002. అయితే రిఫరెన్స్‌లో లేని అక్షరం ఉన్న రీడ్ ఒక మిస్‌మ్యాచ్‌తోనే మొదలవుతుంది, అందుకే తక్కువ మ్యాప్ అవుతుంది. దీనికి వాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అది రీడ్‌లో అక్షరం మార్చి మళ్లీ మ్యాప్ చేస్తుంది, అదే చోటికి రాని రీడ్‌ని పారేస్తుంది. ఇది చెయ్యకుండా వచ్చిన అసమతుల్యతని నమ్మకండి.

మిథైలేషన్ (డీఎన్‌ఏలోని సీకి మిథైల్ గుంపు అతకడం) కూడా కలుపుతారా? దాన్ని కొలిచే బైసల్ఫైట్ సీక్వెన్సింగ్‌లో మిథైల్ లేని సీ టీగా చదవబడుతుంది. అక్కడే సీ/టీ స్నిప్ ఉంటే, టీ అల్లీల్‌ని మిథైలేషన్ పోయినట్టుగా లెక్కేస్తారు. ఎదుటి స్ట్రాండ్ రీడ్లు చూడండి: జీ (G) ఉంటే బైసల్ఫైట్ మార్పు, ఏ (A) ఉంటే నిజమైన స్నిప్. మిథైలేషన్‌ని చిప్ మీద ప్రోబ్‌లతో కొలిచే అరే (array) డేటాలో ఈ దారి లేదు, స్నిప్ పడిన ప్రోబ్‌లని ముందే తీసేయాలి.

చివరికి డీక్యాస్9-క్రాబ్‌తో (డీఎన్‌ఏని కోయకుండా ఒక చోటుని అణిచే క్రిస్పర్ పనిముట్టు) ఆ పీక్‌ని మూసి, ఒక మెగాబేస్ (పది లక్షల బేస్‌లు) లోపలి జీన్లన్నిటినీ కొలవండి, దగ్గరిదాన్ని మాత్రమే కాదు. పీక్ ప్రమోటర్‌ని (జీన్ చదవడం మొదలయ్యే చోటు) ఆనుకొని ఉంటే క్రాబ్ ప్రభావం అక్కడిదాకా పాకుతుంది, ఏది ఎన్‌హాన్సర్ పనో విడదీయలేరు. పైగా ఇది పీక్ పరీక్షే. స్నిప్ గురించి చెప్పాలంటే ఆ ఒక్క అక్షరాన్నే ఎడిట్ చేసి చూపించాలి.